ఏడాదికి ఎనిమిది దుక్కులు పడ్డ చెలక: ఒక కేస్ స్టడీ

పాలమూరు వైపు ఒక ఊరు. అక్కడ ఒక రైతు పొలంలో దుక్కులు తగ్గించి, నేలలో జీవాన్ని తిరిగి తేవడానికి చేసిన ప్రయత్నాల కథ ఇది. ఊరి పేరు, రైతు పేరు రాయట్లేదు, అన్న అనే అంటా. దీని గురించి రాస్తానని అడిగితే "పేరు వద్దు సారూ, కానీ జరిగింది జరిగినట్టే రాయుండ్రి, ఇంకొకరి ఎకరం ఆగం కావొద్దు" అన్నడు. ఆ ఎకరం ఆగమైంది నా మాట విన్నందుకే. అది కూడా దాచకుండా రాస్తున్నా, ఎందుకంటే ఈ కేసులో నేను నేర్చుకున్నది చాలావరకు అక్కడే ఉంది.

నేపథ్యం

అయిదెకరాల ఎర్ర చెలక, ఇసుక పాలు ఎక్కువ. ఒక బోరు, స్ప్రింక్లర్లు. వానాకాలం మక్క, యాసంగి పల్లి. వాళ్ళ నాయన ఉన్నప్పుడు ఎడ్లు, నాగలి, గుంటుక, ఏటా ఎండాకాలం బండ్లతో పెంట తోలేవాళ్ళు. ఎడ్లు అమ్మేశాక పెంట ఆగిపోయింది, అద్దె ట్రాక్టర్ వచ్చింది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏడాదిలో ట్రాక్టర్ ఎన్నిసార్లు దిగుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టమన్నా. పల్లి పీకాక ఎండాకాలంలో పెద్ద ప్లావ్ ఒకసారి, తొలకరికి కల్టివేటర్ రెండు, రోటావేటర్ (తిరిగే బ్లేళ్ళతో మట్టిని పిండి చేసేది) ఒకటి, మక్క కోశాక చొప్ప తగలబెట్టి మళ్ళీ కల్టివేటర్ రెండు, రోటావేటర్ రెండు. మొత్తం ఎనిమిది. లెక్క అయ్యాక ఆయనే కాసేపు మాట్లాడలేదు, మా నాయన మూడు పాట్లు కూడా దున్నకపోతుండె అన్నడు.

చొప్ప ఎందుకు కాలుస్తున్నావన్నా అంటే, కాల్చకపోతే రోటావేటర్ బ్లేళ్ళకు చుట్టుకుంటది, డ్రైవర్ తిట్టి పోతడు అన్నడు. కారణం అంతే. తర్వాత కొన్ని నెలలు ఈ మాట నా బుర్రలో తిరిగింది, మట్టికి దక్కాల్సిన తిండి ఒక మెషిన్ సౌకర్యం కోసం పొగ అయిపోతోంది.

ఏం ఇబ్బందితో పిలిచాడు

డీఏపీ (భాస్వరం ఎక్కువుండే ఎరువు) నకిలీదేమో చూడమని పిలిచాడు. ఎకరానికి రెండు బస్తాలు వేసినా మక్క ఇరవై రోజులకు ఆకు అంచులు ఊదా రంగుకి తిరుగుతున్నాయి, మొలక కూడా అతుకులు అతుకులుగా ఉంది. భాస్వరం లోపం లక్షణం అని చూడగానే అనిపిస్తుంది, ఇంకో బస్తా వెయ్యమని చెప్పే షాపు వాళ్ళు కూడా ఉన్నారు, కానీ ఆయన దగ్గరున్న మట్టి పరీక్ష కార్డులో భాస్వరం "ఎక్కువ" అని ఉంది, సేంద్రియ కర్బనం 0.3 శాతం, అంటే బాగా తక్కువ. అంటే నేలలో భాస్వరం ఉంది, మొక్కకు అందట్లేదు. ఇక్కడ డీఏపీ సంగతి పక్కన పెట్టి పార పట్టుకున్నా.

గుంత తవ్వితే అయిదారు అంగుళాల దగ్గర పార ఠంగుమంది. రోటావేటర్ ఏటా అదే లోతులో తిరిగి తిరిగి కింద ఒక గట్టి పొర కట్టింది, పైన ఉన్నదేమో పిండిలా మెత్తన. మక్క వేర్లు పొర దాకా దిగి అక్కడి నుంచి పక్కకు తిరిగి పాకుతున్నాయి. వానపాము ఒక్కటి కనపడలేదు, అయితే ఎర్ర చెలకలో ఆ సీజన్‌కి కనపడకపోవడం పెద్ద వింత కాదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు.

తర్వాత చేసిన పని చాలా చిన్నది, కానీ అన్న మనసు మారింది దానితోనే. రెండు చాయ్ గ్లాసుల్లో నీళ్ళు పోసి అరుగు మీద పెట్టా. ఒకదాంట్లో పొలం నడిమధ్య నుంచి తెచ్చి నీడన ఆరబెట్టిన మట్టిగడ్డ, ఇంకోదాంట్లో గట్టు మీద తంగేడు మొదట్లోంచి తెచ్చి అలాగే ఆరబెట్టిన గడ్డ. పొలం గడ్డ నిమిషం నిలవలేదు, అంచుల నుంచి జారుతూ జారుతూ అడుగున బురదైపోయింది, నీళ్ళు ఎర్రగా మారిపోయాయి. గట్టు గడ్డ నుంచి చిన్న చిన్న బుడగలు వచ్చాయి, అంతే, అరగంటకి కూడా గడ్డ గడ్డలాగే ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. అన్న దాన్ని బయటికి తీసి విరిచాడు, లోపల వెంట్రుకల కన్నా సన్నటి వేర్లు, వాటి నిండా అంటుకున్న మట్టి రవ్వలు. "గట్టుది పొలంది ఒకటే మన్ను కద సారూ, ఆ గట్టు మా నాయన ఈ మన్నుతోనే కట్టిండు" అన్నడు. అవును ఒకటే మన్ను, తేడా ఏంటంటే గట్టు మీదకి ఇరవై ఏళ్ళుగా బ్లేడు దిగలేదు, ఏదో ఒక వేరు ఎప్పుడూ బతికే ఉంది.

నేను ఎలా ఆలోచించా

మట్టి రవ్వల్ని గడ్డగా పట్టి ఉంచేది బంకమన్ను ఒక్కటే కాదు, బ్యాక్టీరియా వదిలే జిగురు, శిలీంధ్రాల దారాలు, సన్న వేర్లు, ఇవన్నీ కలిసి కడతాయి. అందులో మైకోరైజా అనే శిలీంధ్రం ఉంటుంది, షాపుల్లో వ్యామ్ అని అమ్మేది అదే, అది మొక్క వేరులో సగం, బయట మట్టిలో సగం బతుకుతుంది. భాస్వరం మట్టిలో కదిలే సరుకు కాదు, వేరు చుట్టూ ఒకట్రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేశాక వేరుకి ఆకలే, అప్పుడు ఈ దారాలు వేరు వెళ్ళలేని సందుల్లోకి వెళ్ళి కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరం లాక్కొచ్చి ఇస్తాయి, బదులుగా మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. మక్క, కంది, పల్లి మూడూ ఈ శిలీంధ్రం మీద బాగా ఆధారపడే పంటలు.

దున్నని నేలలో పాత పంట వదిలిన దారాల అల్లిక అలాగే ఉంటుంది, కొత్త మొలక వేరు దాన్ని తగిలి అతుక్కుంటుంది. రోటావేటర్ తిరిగిన నేలలో ఆ అల్లిక ముక్కలు ముక్కలు, మొలక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, సరిగ్గా ఆ ఇరవై రోజుల్లోనే ఆకు ఊదా తిరుగుతుంది. కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్ళు మక్క మీద ఇదే చూశారు, కదిలించిన మట్టిలో లేత వయసులో మైకోరైజా పట్టడం, భాస్వరం అందడం రెండూ తగ్గాయి, అయితే ఆ తేడా ప్రతిసారీ దిగుబడిలో కనపడలేదు. ఈ రెండో ముక్క కూడా అన్నకు చెప్పా, ముందే పెద్ద దిగుబడి ఆశ పెట్టకూడదని.

అనుమానం నిజమా కాదా తేల్చుకోడానికి వేర్లు కడిగి, తెలిసిన మిత్రుడి ల్యాబ్‌కి పంపా. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉడికించి ట్రిపాన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే శిలీంధ్రం నీలంగా కనపడుతుంది. గట్టు గడ్డి వేర్లలో నీలం నిండుగా ఉంది, పొలం మక్క వేర్లలో వెతుక్కోవాల్సి వచ్చింది.

"దుక్కి కొద్దీ పంట అంటరు కద సారూ, మరి అది అబద్ధమా" అని అడిగాడు అన్న. అబద్ధం కాదు. దున్నగానే గడ్డల లోపల దాక్కున్న సేంద్రియ పదార్థం బయటపడుతుంది, గాలి తగులుతుంది, బ్యాక్టీరియా ఒక్కసారిగా విజృంభించి దాన్ని తినేస్తాయి, కర్బనం గాల్లోకి పోతుంది, నత్రజని విడుదలవుతుంది, పైరు పచ్చగా లేస్తుంది. వాళ్ళ నాయన చూసింది ఆ పచ్చదనమే. ఆయన మూడు పాట్లు దున్ని మళ్ళీ పెంట తోలాడు కాబట్టి తీసింది తిరిగి చేరేది. పెంట లేకుండా ఎనిమిది పాట్లు దున్నడమంటే గరిసె అడుగు ఊడ్చుకుని వండుకోవడమే.

మొదటి ప్రయత్నం: ప్యాకెట్లు

సూక్ష్మజీవులు తక్కువున్నాయి కదా, తెచ్చి వేద్దాం అనుకున్నా. భాస్వరం కరిగించే బ్యాక్టీరియా, వ్యామ్ పొడి, పల్లికి రైజోబియం (వేర్ల బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే బ్యాక్టీరియా), పైన జీవామృతం. అక్క, అంటే అన్న భార్య, డ్రమ్ములో జీవామృతం కలిపి ఎంత ఓపికగా పోసిందో నేను చూశా. కొన్ని సాళ్ళు ఏమీ వెయ్యకుండా వదిలేయమన్నా, పోల్చడానికి. ఆ సీజన్ అంతా చూసినా వేసిన సాళ్ళకి వెయ్యని సాళ్ళకి తేడా పట్టలేకపోయాం. పల్లి వేర్ల బుడిపెలు గోటితో చీల్చి చూశా, లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పట్టే పని జరుగుతున్నట్టు, ఇక్కడ చాలావాటిలో లోపల తెల్లగా, ఆకుపచ్చగా ఉంది.

ఎందుకు పని చెయ్యలేదు? వాటికి తిండి లేదు, చొప్ప కాలిపోయింది. ఉండటానికి చోటు లేదు, గడ్డలు పిండైపోయాయి, ఆ పిండి ఎండాకాలం సలసల కాగుతుంది. ఇంకోటి నేను ఆలస్యంగా ఆలోచించింది, భాస్వరం పుష్కలంగా దొరికే చోట మొక్క మైకోరైజాని దగ్గరికి రానివ్వదు, ఊరికే చక్కెర ఎందుకు ఖర్చు పెట్టుకుంటుంది. మేము ఒక చేత్తో వ్యామ్ వేస్తూ ఇంకో చేత్తో రెండు బస్తాల డీఏపీ వేస్తున్నాం.

రెండో ప్రయత్నం, ఆగమైన ఎకరం

గుంటూరు, కృష్ణా వైపు వరి కోశాక దున్నకుండా మక్క వేస్తారు, నేను కళ్ళారా చూశా, బ్రహ్మాండంగా వస్తుంది. ఆ ధైర్యంతో తర్వాతి వానాకాలం ఒక ఎకరం అసలు దున్నొద్దన్నా. కర్రతో గుంత చేసి గింజ వేశాం.

జూన్‌లో ఒక పెద్ద వాన పడింది. దున్నిన నాలుగెకరాల్లో నీళ్ళు కొంచెం ఇంకాయి, మా ఎకరంలో సిమెంట్ గచ్చు మీద పారినట్టు పారి గట్టు తెంపుకుని పోయాయి. రెండు రోజుల ఎండకి పైన అట్ట కట్టింది, మొలక దాన్ని చీల్చుకోలేక కింద వంకర తిరిగి చచ్చింది. మొలిచిన వాటి మధ్య తుంగ, గరిక. అక్క ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో మూడుసార్లు కలుపు తీసింది, ఆ కూలి మిగతా నాలుగెకరాల కూలి కంటే ఎక్కువైంది. మిగతా చోట ఎకరానికి 18 క్వింటాళ్ళు వస్తే ఇక్కడ 10. నేను వెళ్ళి నిలబడితే అన్న ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ అనిపించింది.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడానికి కష్టపడలేదు, ముందే ఆలోచించి ఉండాల్సింది. డెల్టా వరి మడిలో నేల బరువు నేల, కోత నాటికి తేమ ఉంటుంది, వరి కొయ్యలు నేలను కప్పి ఉంటాయి. నల్లరేగడి అయితే ఎండకి పగిలి వానకి ఉబ్బి తనను తానే దున్నుకుంటుంది. ఎర్ర చెలకలో బంకమన్ను తక్కువ, ఉన్న బంకమన్ను కూడా ఉబ్బే రకం కాదు, ఆరితే రాయిలా బిగుసుకుంటుంది, దానంతట అది గుల్లబారదు. దాన్ని గుల్ల చెయ్యాల్సింది వేర్లు, చెదలు, చీమలు, వానపాములు, శిలీంధ్రాలు. ఆ జీవాలు లేని నేలలో, పైన కప్పు లేకుండా, ఒక్కసారిగా నాగలి ఆపేశా. హయత్‌నగర్ క్రిడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) ఫారంలో ఎర్ర నేలల మీద ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల్లో కూడా తక్కువ దుక్కి ఒక్కటే చేస్తే దిగుబడి వెనకబడింది, పంట వ్యర్థాలు నేల మీద వేసిన కొద్దీ నేల నాణ్యత మెరుగుపడింది. చదివిన విషయమే, పొలం దగ్గర గుర్తు రాలేదు.

మూడో ప్రయత్నం: వరస మార్చాం

ఆ ఎకరం నష్టం డబ్బు నేనే ఇస్తానంటే అన్న తీసుకోలేదు, ఇంకో ఏడు చూద్దాం సారూ, కానీ ఈసారి అరెకరమే అన్నడు. సరే అన్నా. ఈసారి ముందు కప్పు, వేరు, ఆ తర్వాతే దుక్కి తగ్గించడం అని పెట్టుకున్నాం.

ఏప్రిల్ చివర నేల పూర్తిగా ఎండి ఉన్నప్పుడు చీజిల్ ప్లావ్ ఒక్కసారి, నాలుగడుగులకి ఒక గీత, గట్టి పొర కిందికి దిగేట్టు. దున్నుడు తగ్గించమని చెప్పేవాడివి మళ్ళీ ట్రాక్టర్ ఎందుకు అంటే, ఆ పొర తియ్యడానికి వేర్లకి వదిలేస్తే ఎన్నో ఏళ్ళు పడుతుంది, చీజిల్ మట్టిని తిరగెయ్యదు, గీత మధ్యలో ఉన్న మట్టి జోలికి పోదు. పొడిగా ఉన్నప్పుడే ఎందుకంటే పొడి పొర పగుళ్ళు బారుతుంది, తడిగా ఉంటే చీజిల్ పక్కలు నున్నగా మెత్తేసి ఇంకో గోడ కట్టినట్టవుతుంది. అయితే పగుళ్ళు ఒక వానాకాలంలో మళ్ళీ మూసుకుంటాయి, అవి తెరిచి ఉండాలంటే వాటిలోకి వేర్లు దిగాలి. అందుకే మే నెల మొదటి జల్లుకే సజ్జ, జనుము, పిల్లిపెసర, బొబ్బర, ఉలవ కలిపి చల్లాం. ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయం వాళ్ళు చేసే వానకు ముందు విత్తే పద్ధతి లాంటిదే. వాన ఆలస్యమైతే స్ప్రింక్లర్ రెండు తడులు. అయిదు రకాలు ఎందుకంటే సజ్జ వేరు పీచులా పైపైన అల్లుకుంటుంది, జనుము నిలువుగా దిగుతుంది, రకరకాల వేర్లు రకరకాల తిండి వదిలితే రకరకాల జీవులు చేరతాయి.

జూన్ ఆఖరికి దాన్ని గడ్డి కోసే మెషిన్‌తో కోసి అక్కడే పరిచాం, రోటావేటర్‌తో కలిపెయ్యలేదు. గొర్రు ఒక్క పలుగు విత్తనం సాలు మేర మాత్రమే తెరిచింది, మక్క, నాలుగు సాళ్ళకొక కంది సాలు. డీఏపీ ఒక్క బస్తా. యూరియా మాత్రం మొదట్లోనే కొంచెం ఇచ్చాం, ఎందుకంటే చొప్ప లాంటి ముదురు గడ్డిని తినే సూక్ష్మజీవులు నేలలో నత్రజని తామే లాక్కుంటాయి, కొన్ని వారాలు పైరు పసుపెక్కుతుంది, అది చూసి భయపడి జనం ఈ పద్ధతే వదిలేస్తారు.

అసలు ఇబ్బంది వేరే చోట వచ్చింది. మక్క కోశాక ఊళ్ళో మేకలు, పశువులు ఎవరి పొలంలోకైనా పోతాయి, అది అందరూ ఒప్పుకున్న కట్టుబాటు, ఒక్కడు కాదంటే తగువే. సూక్ష్మజీవులకి దాచిన తిండి మేకల పాలు. అక్కే దారి చూపింది, పై సగం చొప్ప మేకల కాపరికి కోసి ఇచ్చేద్దాం, మోకాలి ఎత్తు కింది సగం మనకు వదలమందాం అంది. కాపరి ఒప్పుకున్నాడు, ఆయన మేకలు రెండు రాత్రులు అక్కడే పడుకున్నాయి, పెంట కూడా దొరికింది. నా ప్లాన్‌లో ఇది లేదు, ఉండాల్సింది.

పల్లి దగ్గర మాత్రం రాజీ పడక తప్పలేదు. పల్లి పీకడమంటేనే నేల తవ్వడం, పైగా మొదలు కుళ్ళు తెచ్చే శిలీంధ్రం కుళ్ళుతున్న చెత్త మీద బతికి కాండానికి ఎక్కుతుంది, అందుకే ఆ తెగులున్న చోట లోతు దుక్కి చేసి చెత్త పూడ్చమని సలహా ఇస్తారు, ఆ సలహాలో నిజముంది. కాబట్టి పల్లి సాళ్ళ మీద చెత్త పక్కకు లాగాం, విత్తనానికి ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మంచి శిలీంధ్రం) పట్టించాం, ఒక తేలిక కల్టివేటర్ ఒప్పుకున్నాం, పల్లి ఏడు విడిచి ఏడు, మధ్య యాసంగి జొన్న.

ఏం మారింది

మొదటి ఏడాది అరెకరంలో దిగుబడి మిగతా పొలంతో సమానం, గొప్పేం లేదు. కానీ వాన పడ్డ మర్నాడు అన్న ఫోన్ చేసి నీళ్ళు బయటికి పోలేదు సారూ, గట్టు దగ్గర నిలబడి చూసిన అన్నడు. చెదలు చొప్పని తినడం మొదలైంది, ఆయన మందు చల్లబోతే ఆపా, ఎండు చొప్ప దొరికినంత కాలం పచ్చ మక్క జోలికి పెద్దగా రావు, అవి తవ్విన బొక్కల్లోంచే నీళ్ళు దిగుతున్నాయి. రోజూ గమనించమని, మొక్క పడితే మాత్రం చూద్దామని అన్నా. పడలేదు.

రెండో ఏడాది రెండెకరాలు చేశాడు. నేలలో సూక్ష్మజీవులు ఎంత చురుగ్గా ఉంటే నూలు బట్ట అంత తొందరగా కుళ్ళుతుంది. అప్పుడు తెల్ల నూలు బట్ట ముక్కలు ఒకే సైజువి మూడు చోట్ల నాలుగంగుళాల లోతులో పాతాం: గట్టు మీద, రెండెకరాల్లో, ఇంకా రోటావేటర్ తిరుగుతున్న చోట. నలభై అయిదు రోజులకి తీస్తే గట్టుది వలలా చిరిగి చేతిలో నిలవలేదు, రెండెకరాల్లోది బొక్కలు బొక్కలు, రోటావేటర్ చోటుది మరకలు పడింది తప్ప ఉతికితే తుడుచుకోవచ్చు. తేమ తేడా కూడా ఇందులో కలిసి ఉంటుంది కాబట్టి ఇది ల్యాబ్ పరీక్షతో సమానమని అనను, కానీ అక్క ఆ మూడు ముక్కలు దండెం మీద ఆరేసి చుట్టుపక్కల వాళ్ళకి చూపిస్తే వచ్చిన మార్పు నా రిపోర్టుతో రాలేదు.

మూడో ఏడాది మక్క 20 క్వింటాళ్ళు, ఒక్క బస్తా డీఏపీతో. ఊదా ఆకులు అక్కడక్కడా కనపడి తగ్గిపోయాయి. వేర్లలో నీలం గట్టు అంత లేదు, మొదటిసారి కన్నా స్పష్టంగా ఎక్కువ. పల్లి బుడిపెలు చాలావరకు గులాబీ రంగు. ట్రాక్టర్ ఎనిమిది సార్ల నుంచి మూడుకి వచ్చింది, డబ్బు మిగిలింది అక్కడే, రెండు క్వింటాళ్ళలో కాదు. తుంగ మాత్రం ఇంకా లొంగలేదు, కప్పు పలచగా ఉన్నచోటల్లా లేస్తోంది.

నా పనిలో ఏం మార్చుకున్నా

ఇప్పుడు ఏ పొలానికి వెళ్ళినా దుక్కి తగ్గించమని చెప్పేముందు మూడు అడుగుతున్నా: చొప్ప ఎవరు తింటారు, ఊళ్ళో పశువులు ఎప్పుడు విడుస్తారు, నేల ఆరితే పగులుతుందా బిగుసుకుంటుందా. వీటికి జవాబు లేకుండా నాగలి ఆపమనను. ప్యాకెట్లు వద్దనను, కానీ తిండి, నీడ ఏర్పడ్డాకే, అది కూడా కొన్ని సాళ్ళు ఖాళీగా వదిలి పోల్చుకోమంటా. కొత్త పద్ధతి ఎప్పుడూ అరెకరం దాటనివ్వను. నేల సూక్ష్మజీవుల గురించి అరగంట మాట్లాడేకంటే ముందు రెండు చాయ్ గ్లాసులు అడుగుతున్నా.

మొన్న ఎండాకాలం అన్న మళ్ళీ ఫోన్ చేశాడు. మక్కలో కత్తెర పురుగు బాగా పడ్డ ఏడు అది, దాని కోశ దశలు (పురుగు రెక్కల పురుగుగా మారే ముందు దశ) నేలలో ఉంటాయి, వేసవి దుక్కి చేస్తే ఎండకి, పక్షులకి పోతాయని అందరూ దున్నుతున్నారు, నేనేం చెయ్యాలె అని. వద్దు అనేస్తే సులువు, కానీ పురుగు నిజం, సలహా కూడా తప్పు కాదు. గుంతలు తీసి కోశాలు ఎన్ని ఉన్నాయో చూడమన్నా. ఒక ఎకరంలోనే బాగా దొరికాయి, ఆ ఎకరమే దున్నించాడు, వెంటనే ఉలవ చల్లాడు. మిగతా చోట మక్క వెయ్యకుండా కంది, జొన్నకి మారిద్దామా అని ఇంకా మాట్లాడుకుంటున్నాం, అయితే కత్తెర పురుగు జొన్నని కూడా వదలదు కాబట్టి జొన్న సంగతి తేలలేదు. తొలకరికి వెళ్ళినప్పుడు దున్నిన ఎకరం గడ్డ, దున్నని ఎకరం గడ్డ రెండూ గ్లాసుల్లో వేస్తాం, గ్లాసులు అక్క కడిగి పక్కన పెట్టిందట.